బావ రైఫిల్ గొట్టంలో గరుకు

"అక్కకు జర దెబ్బ తాకింది. దవాఖానకు రా" అని బావ ఫోన్ చేసినప్పుడు నేను నారాయణఖేడ్‌లో నా దుకాణంలో కూర్చుని ఒక బోరు మోటారుకు తీగ చుడుతున్నాను. ఆ "జర" అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. వెళ్ళి చూస్తే అక్క ఎడమ తొడ మోకాలి పైనుంచి దాదాపు తుంటి దాకా చీరుకుపోయి ఉంది. కట్టిన గుడ్డ నిండా నెత్తురు. నర్సు ఆ గుడ్డ విప్పినప్పుడు లోపలి కండ కనిపించింది. ఫౌజులో అన్నేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి, చూడలేక గోడవైపు తిరిగాను.

అక్క మాత్రం ఏడవడం లేదు. పెదవులు తెల్లబడిపోయి ఉన్నాయి. నన్ను చూసి, "పంది కొట్టింది తమ్మీ. కందిల పండుకోని ఉండె. నేను సూడలే" అంది.

అక్కవాళ్ళది నాగల్‌గిద్ద దగ్గర ఒక ఊరు. ఊరి పొలిమేర దాటితే కర్ణాటక. ఆ రోజు పత్తి ఏరడానికి అవతలి ఊరి నుంచి వచ్చిన కూలామె అక్కతో పాటే ఆటోలో దవాఖానకు వచ్చింది. ఆమె చీర కొంగంతా అక్క నెత్తురే. నన్ను పక్కకు పిలిచి సగం కన్నడలో సగం తెలుగులో చెప్పింది. పత్తి చేనుకు వెళ్ళడానికి అక్క ముందు నడుస్తూ కంది సాళ్ళ మధ్యలోకి దిగింది. ఈమె వెనక ఉంది.

"హంది, హంది అని మస్తు మొత్తుకున్ననయ్యా. అక్క తిరిగి సూసేటాలకు మీదికొచ్చేసింది. దానికి ముందే గాయమున్నది. ఎనక కాలు ఈడ్సుకుంట వచ్చింది. పక్కకంత ఎండిన నెత్తురు."

ముందే గాయం. ఆ మాట విన్నాక నాకు ఇంకెవరినీ ఏమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆ చుట్టుపక్కల చేన్లలో పందిని కొట్టడానికి అనుమతి తెచ్చుకున్న బందూకు ఒకటే ఉంది. అది మా బావది.

బావ బయట అంబులెన్సు పక్కన నిలబడి ఉన్నాడు. తెల్ల తువ్వాలు భుజం మీద వేసుకుని, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఫోన్ పెట్టేశాడు.

"నిన్న ఎవరు కాల్చిన్రు?" అన్నాను.

"నేనే. పొద్దుగూకే యాళ్ళకు. నాలుగైదు గుండ్లు."

"తాకిందా?"

"తాకలే అనుకున్న." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గా బందూకు సంగతి నీకు తెల్వనిదా? మొదట రెండు మూడు గుండ్లు మంచిగ పోతయ్. ఇగ ఆ తర్వాత ఏడికి పోతయో దానికే తెల్వది."

వానలు పడలేదని చెప్పినట్టు చెప్పాడు ఆ మాట. తన చేతిలో లేని విషయమన్నట్టు. నాకు అక్కడే అతని మీద పడాలనిపించింది. అంతలో అక్కను సంగారెడ్డికి తీసుకుపోవాలని చెప్పారు. స్ట్రెచరు మోయడానికి ఇద్దరం రెండు వైపులా పట్టుకోవాల్సి వచ్చింది.

బావ గురించి కొంచెం చెప్పాలి. చెడ్డవాడు కాడు. ఇది రాయడం కూడా నాకిప్పుడు ఇష్టం లేదు, అయినా నిజం. మంచి సేద్యగాడు, ఊళ్ళో నలుగురిలో మాట ఉన్నవాడు, అక్కను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు. ఆ బందూకు వాళ్ళ నాయన నుంచి వచ్చింది. పంటకు కాపలా అని ఆయన తీసుకున్న లైసెన్సు, ఆయన పోయాక బావ పేరు మీదికి మారింది. భుజానికి ఆనించే కర్ర కుందాకు కొబ్బరినూనె రాసి మెరిపించేవాడు. తోలు పట్టీకి బూటు పాలిష్ వేసేవాడు. ఎవరైనా చుట్టాలు వస్తే లోపలినుంచి తెచ్చి చూపించేవాడు. గొట్టం లోపల మాత్రం ఏనాడూ చూసుకోలేదు. వానాకాలమంతా తేమ గోడకు ఆనించి, లోపల ఒక చుక్క నూనె లేకుండా నిలబెట్టి ఉంచేవాడు.

అంతకు ముందటి యేడు బోరంచ నల్లపోచమ్మకు మొక్కు తీర్చుకుని అందరం వాళ్ళింటికి వెళ్ళాం. భోజనాలయ్యాక బందూకు బయటికి వచ్చింది. ఫౌజులో నా పనే చిన్న ఆయుధాల మరమ్మతు. నా కన్ను ఊరుకోదు. బోల్టు తీయించి, గొట్టాన్ని వెలుతురుకు పెట్టించి లోపలికి చూశాను. గుండును తిప్పి పంపే మెలికల గాళ్ళు, అంటే సన్నటి గాడులు, నున్నగా అద్దంలా కనిపించాల్సిన చోట నల్లటి మచ్చలు, తుప్పు తిన్న గుంటలు, వాటి వెంబడి పొడుగ్గా రాగి చారలు.

రైఫిల్ గుండు మీద పలచటి రాగి తొడుగు ఉంటుంది. గొట్టం నున్నగా ఉంటే గుండు జారిపోతుంది, పెద్దగా ఏమీ అంటుకోదు. గరుకుగా ఉంటే ఆ గరుకు ఆకురాయిలా రాగిని గీకి పట్టుకుంటుంది. తర్వాతి గుండు ఆ రాగి మీదుగా పోతూ ఇంకొంచెం వదిలిపెడుతుంది. అలా పేరుకున్నకొద్దీ, గొట్టం వేడెక్కినకొద్దీ గుండు దారి తప్పుతుంది. దాన్ని కడగాలి. కడిగినా మళ్ళీ పేరుకుంటుంది కాబట్టి ఆ గరుకునే తీసేయాలి. ఇదేమీ పెద్ద విద్య కాదు. ఓపిక ఉంటే చాలు.

ఆ రోజు ఇదంతా బావకు చెప్పాను. అతను వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "మా బామ్మర్ది ఫౌజుల బందూకులు తుడిసి తుడిసి, ఇప్పుడు ఏడ బందూకు కనబడ్డా గుడ్డ పట్టుకుంటడు" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. అల్లం చాయ్ వచ్చింది. మాట మారిపోయింది.

సంగారెడ్డిలో ఆపరేషన్ అయింది. కండ కుట్టారు. ఒక నరం బాగా దెబ్బతిన్నదని, పాదం ముందులా లేవకపోవచ్చని చెప్పారు. ఆ పంది మరుసటి రోజు వాగు ఒడ్డున చచ్చి పడి ఉందని, ఫారెస్టు వాళ్ళు వచ్చి చూసి పోయారని తెలిసింది. గుండు వెనక తొడలో దిగి ఉందట. గుండె మీద గురి పెట్టిన గుండు వెనక తొడలో! ఆ మాట నాతో చెప్పినతను, "తాకింది గదా, జర అటిటు" అన్నాడు. మళ్ళీ అదే "జర".

అక్కను ఇంటికి తెచ్చాక నేను ఒక నిర్ణయంతో వాళ్ళ ఊరికి వెళ్ళాను. బండి దిగి నేరుగా ముందు గదిలోకి పోయాను. అక్క మంచం మీద కాలు చాపుకుని ఉంది. బావ గడపలో కూర్చుని ఉన్నాడు.

"బందూకు ఠాణాల అప్పజెప్పు బావా. నీ అసొంటోని ఇంట్ల అది ఉండద్దు" అన్నాను.

అక్క అంది: "ఎవరప్పజెప్పేది? నువ్వు బాగు జెయ్యి."

"ఏంది?"

"బాగు జెయ్యి అంటున్న. నీకొచ్చిన పనే గద."

"నీ కాలు గిట్ల జేసినదాన్ని నేను బాగు జెయ్యాల్నా?"

"కాలు గిట్ల జేసింది పంది. ఇంకో పంది రాదా?" అక్క మోచేతుల మీద లేవబోయి, నొప్పికి మళ్ళీ వాలింది. "మొన్న కింది చేన్ల సగం కంది పండవెట్టినయ్. నువ్వు ఖేడ్‌ల దుకాణంల కూసుంటవ్. చేన్లకు పోయేది మేము. సగం సచ్చిన పంది నన్ను కొట్టింది తమ్మీ. అది మొత్తం సచ్చుంటే కొట్టకపోతుండె. అసలు తాకకపోయినా ఉరికిపోతుండె. బందూకు ఉంటే మంచిగ కొట్టేటట్టు ఉండాలె. నీకు తెల్సి గూడ చెయ్యకపోతే ఎట్ల?"

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. తిట్టాల్సిన మనిషిని వదిలిపెట్టి నాకు పని చెప్తున్నది. బయటికి వచ్చి వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్ళి బావతో అన్నాను: "నేను ముట్ట. నీ బందూకు, నీ లైసెన్సు. గొట్టం తుడిసే కడ్డీ నువ్వే పట్టుకోవాలె. ఎట్ల చెయ్యాల్నో నేను జెప్త."

ఇతరుల ఆయుధం బాగుచేసే లైసెన్సు నాకు లేదు. అది ఒక కారణం. ఆ గొట్టంలోని ప్రతి గరుకూ అతని చేతికే తగలాలన్నది రెండో కారణం. మొదటిది నేను పైకి చెప్పాను. రెండోది చెప్పలేదు.

రాగిని కరిగించే మందు బావ పట్నంలో తుపాకుల దుకాణం నుంచి తెచ్చాడు. వాకిట్లో, అక్క మంచం పక్కనున్న కిటికీకి ఎదురుగా బల్ల వేసుకున్నాం. గుండ్లు వేరే గదిలో బీరువాలో పెట్టించి తాళం నేను తీసుకున్నాను. బోల్టు తీసి పక్కన పెట్టాడు. చిన్న చిన్న నూలు గుడ్డ ముక్కలు మందులో తడిపి, కడ్డీకి తొడిగి, వెనక వైపు నుంచి నెట్టమన్నాను. మందు ఘాటుకు ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. తర్వాతివి నీలంగా వచ్చాయి. మయిలుతుత్తం నీళ్ళలో ముంచినట్టు చిక్కటి నీలం. అదంతా లోపల పేరుకున్న రాగే.

మధ్యాహ్నానికి బావ నడుం పట్టుకుని, "ఇంకెంతసేపు?" అన్నాడు.

"నీలం రాకుంట అయ్యేదాంక."

ఆ రోజు కాలేదు. మరునాడూ నీలమే. నేను దుకాణం మూసి రోజూ ఖేడ్ నుంచి బండి మీద వస్తున్నాను. అతను నెడుతున్నాడు, నేను చూస్తున్నాను. "మెల్లగ." "తిన్నగ." "ఇంకోటి." నేను అతనితో అన్నవి ఇంతే. అక్క కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ మందు వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

రాగి అంతా పోయాక గొట్టాన్ని వెలుతురుకు పెట్టి అతన్నే చూడమన్నాను. చాలాసేపు కన్ను తీయలేదు. "గిట్లున్నదా లోపట?" అన్నాడు.

"నేను జెప్పిన్నాడే సూసుంటే కనబడుతుండె."

ఇంత జరిగాక కూడా ఆ మనిషికి తొందర. నేను మరుసటి రోజు వెళ్ళేసరికి బల్ల మీద ఒక డబ్బా ఉంది. మోటారు సామాన్ల దుకాణంలో దొరికే, ఇంజను వాల్వులు అరగదీసే ముతక పేస్టు. ఎవరో చెప్పారట, దీంతో ఒక్క పూటలో అయిపోతుందని. ఆ డబ్బా తీసి గోడ అవతలికి విసిరేశాను.

"అది పెట్టి రుద్దుతే తుప్పుతోటి గాళ్ళు గూడ పోతయ్! బోరుబాయి పైపు మిగుల్తది నీకు! నీకు ఏదీ నెమ్మదిగ చెయ్యరాదా? ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, సక్కగ చెయ్యరాదా?"

ఊరు ఊరంతా వినపడేట్టు అరిచాను. బావ తల దించుకున్నాడు. అతను ఎదురు తిరిగి ఒక మాట అంటే బాగుండునని నాకు అనిపించింది. అనలేదు.

ఖేడ్‌లో టైర్ల దుకాణం వాళ్ళు చక్రాలకు సమతూకం కోసం కొట్టే పాత సీసం ముక్కలు ఇచ్చారు. వాటిని వాకిట్లో పొయ్యి మీద ఇనుప గరిటెలో కరిగించాం. కడ్డీని గొట్టంలో ఉంచి, దాని చివర సీసం పోసి, చల్లారాక కొంచెం బయటికి నెడితే సీసం ముద్ద మీద గాళ్ళ అచ్చు మెలికలతో సహా దిగి ఉంటుంది. మెత్తటి సీసానికి నూనె, గోధుమపిండి కన్నా సన్నటి రాపిడి పొడి రాసి ముందుకూ వెనక్కూ నడపాలి. గాళ్ళు ఎటు తిప్పితే కడ్డీ అటే తిరగాలి, మనం బలవంతం చేయకూడదు. గొట్టం మూతి దగ్గర సీసం పూర్తిగా బయట పడకూడదు. వేగం మారకూడదు. చెయ్యి వణకకూడదు.

బావ చెయ్యి మంచి చెయ్యి. ఒప్పుకోక తప్పదు. గొర్రు పట్టిన చేతికి తిన్నగా నెట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. కొంచెం సేపటికే, "గిక్కడ పట్టుకుంటుంది" అన్నాడు. గొట్టం మధ్యకు కొంచెం ముందు. నేను వెలుతురులో చూసి పెట్టుకున్న గుంటలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఆ చోట ఎక్కువ సార్లు, మిగతా చోట తక్కువ సార్లు నడిపించాను. సీసం అరిగితే మళ్ళీ కరిగించి పోశాం. గుంటలు పూర్తిగా పోవు. పోయేదాకా అరగదీస్తే గొట్టమే వదులైపోతుంది. వాటి అంచులు మెత్తబడితే చాలు, రాగిని పట్టుకోవు.

అలా ఒక మధ్యాహ్నం అతను నడుపుతున్నాడు, నేను పక్కన నూనె సీసా పట్టుకుని కూర్చున్నాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్నది బయటికి వచ్చింది.

"అక్క పొద్దుగాల్నే ఆ చేన్లకు పోతదని తెల్సు గద నీకు?"

"తెల్సు."

"మరి తాకిందో లేదో పోయి సూడాలె గద?"

కడ్డీ ఆగింది. బావ గొట్టం వైపే చూస్తూ, "సూసిన" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పోయి సూసిన. నెత్తురు కనబడ్డది. రెండు ఆకుల మీద. కొద్దిగనే."

"సూసి?"

"కంది నిలువెత్తు ఉన్నది. చీకటి పడుతుండె. లోపటికి పోవాల్నంటే భయమైంది." అతని గొంతు చాలా మెల్లగా ఉంది. "తొవ్వల పోయేటోళ్ళు అడిగిన్రు, తాకిందా అని. లేదన్న. తాకింది, ఇడిసిపెట్టొచ్చిన అంటే నవ్వుతరు గద. ఇంట్ల గూడ గదే జెప్పిన. పొద్దున నేనే పోయి సూద్దామనుకున్న. నేను లేసేటాలకే మీ అక్క పోయింది."

ఇన్నాళ్ళూ నేను తుప్పు మీద, నిర్లక్ష్యం మీద కోపంగా ఉన్నాను. గొట్టం సరిగ్గా ఉంటే ఇదంతా జరిగేది కాదని మనసులో లెక్కలు వేసుకున్నాను. గాయపడిన పంది చేన్లో ఉందని ఈ మనిషికి తెలుసు. తెలిసి, నలుగురూ నవ్వుతారని నోరు మూసుకున్నాడు. పక్కనే పడుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఒక్క మాట. "రేపు ఆ చేన్లకు పోకు" అన్న ఒక్క మాట చెబితే సరిపోయేది.

నా చేతిలోని నూనె సీసా ఎక్కడ పడిందో తెలియదు. అతని అంగీ కాలరు నా పిడికిట్లో ఉంది. అతను విడిపించుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. కొట్టమన్నట్టు ముఖం పెట్టాడు. అది నన్ను ఇంకా రెచ్చగొట్టింది.

"తమ్మీ. ఇడిసిపెట్టు."

కిటికీలోంచి అక్క గొంతు. ఆమె అంతా విన్నది. ఇద్దరం ఒకేసారి అటు చూశాం. అక్క మమ్మల్ని చూడటం లేదు. పై కప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. అటే చూస్తూ, "కడ్డీ ఎందుకు ఆగింది? నడిపియ్యమను" అంది.

నేను కాలరు వదిలాను. బావ మళ్ళీ కడ్డీ పట్టుకున్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. వణికే చేతులతో నడిపితే ఇన్నాళ్ళ పని పాడవుతుంది. "ఆగు" అన్నాను. "చేతులు కుదురుకోనియ్యి." ఎవరి గొంతు నులమాలని ఉందో అతని చేతులు కుదురుకునేదాకా పక్కన కూర్చుని కాచుకున్నాను. అలా కూర్చోవడమంత కష్టమైన పని నేను ఫౌజులో కూడా చేయలేదు.

ఆ తర్వాత అక్క అతనితో మాట్లాడటం మానేసింది. నీళ్ళు కావాలన్నా, పక్క సర్దాలన్నా నాతోనో పక్కింటామెతోనో చెప్పేది. "మీ బావకు జెప్పు, బర్రెకు గడ్డి ఎయ్యమని." అతను రెండడుగుల దూరంలోనే ఉండేవాడు. నేను లేనప్పుడు ఎలా నడిచేదో నాకు తెలియదు, అడగలేదు. అతన్ని వదిలి మా ఇంటికి వచ్చేయమని ఒకసారి అన్నాను. నా భార్య కూడా ఫోన్ చేసి రమ్మంది. అక్క వినలేదు. "నా చేను ఈడున్నది" అంది. అంతే.

పని అయ్యాక గొట్టాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె రాసి చూశాం. కొత్తదానిలా లేదు. మచ్చలు మచ్చలుగానే ఉన్నాయి. కానీ బిగుతుగా ఉన్న గుడ్డ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఎక్కడా తట్టుకోకుండా ఒకే తీరుగా పోయింది.

బావ ఠాణాలో ముందే చెప్పి వచ్చాడు. ఊరికి దూరంగా పాత మొరం గుంత ఉంది. మూడు వైపులా నిలువెత్తు ఎర్రమట్టి గోడ. అటువైపు ఎవరూ లేకుండా చూసుకుని, గోడకు అట్ట ముక్క పెట్టి, బావ పడుకుని కాల్చాడు. ముందు మూడు గుండ్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. అవి ఎప్పుడూ అలాగే పడేవి. గొట్టం చల్లారనిచ్చి ఇంకో మూడు. అవీ అక్కడే. ఇంకా కాల్చమన్నాను. చివరి గుండు దాకా ఒక్కటీ అరచేతి వెడల్పు దాటి పోలేదు. తర్వాత గుడ్డ నెడితే లేత నీలం, అదీ అక్కడక్కడ.

నాకు సంతోషమైంది. చేసిన పని సరిగ్గా కుదిరితే కలిగే సంతోషం, చేతికి అలవాటైనది, నన్ను అడక్కుండానే వచ్చింది. వెంటనే అక్క కాలు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. బావ అట్ట ముక్క పట్టుకుని రంధ్రాల మీద వేలు పెట్టి చూస్తున్నాడు. ముఖంలో కొంచెం వెలుగు. "మస్తు కుదిరింది" అన్నాడు.

"ఇది ముందే జేసుంటే?" అన్నాను.

వెలుగు పోయింది. పోవాలనే అన్నాను.

ఇంటికి వచ్చి అట్ట ముక్క అక్క ముందు పెట్టాను. చూసింది. బావ గడపలో నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత అక్క నేరుగా అతని ముఖంలోకి చూసింది.

"రేపటి సంది చేన్ల ముందు నువ్వు దిగాలె" అంది. "ప్రతి సాలు నువ్వు తొక్కినంకనే కూలోళ్ళు దిగుతరు. తాకితే తాకిందని చెప్పు, తప్పుతే తప్పిందని చెప్పు. నెత్తురు కనబడితే ఊరంత మొత్తుకోని చెప్పు. భయమైతే భయమైందని నాకు చెప్పు. నేను నవ్వ. అబద్దం చెప్పుడు మాత్రం ఇంకోసారి జేస్తే, గీ ఒంటికాలితోనే నడుసుకుంట పోత."

బావ "సరే" అన్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆమె ముందు ఏడ్చే హక్కు తనకు లేదని తెలిసినట్టుంది. అది ఒక్కటి మాత్రం అతను సరిగ్గా తెలుసుకున్నాడు.

కంది కోతకు ముందు పందులు మళ్ళీ వచ్చాయి. అనుమతి కాగితం చేతికొచ్చాక బావ ఒకదాన్ని కొట్టాడు. ఒక్క గుండుకే పడిపోయింది, అడుగు కదలలేదు. అయినా సరే ఇంటింటికీ తిరిగి, ఎక్కడ కొట్టాడో, ఎక్కడ పడిందో, మిగతావి ఎటు ఉరికాయో చెప్పి వచ్చాడట. ఊళ్ళో కొందరు నవ్వారట కూడా. పొద్దున్నే చేతికర్రతో, రేకుడబ్బా మోగించుకుంటూ సాలు సాలుకూ తిరిగి వచ్చాకే కూలోళ్ళను దింపుతున్నాడు. ఈ సంగతులు నాకు ఫోన్లో అక్కే చెప్పింది. ఇప్పుడు అతనితో మాట్లాడుతున్నది. ఎప్పుడు మొదలుపెట్టిందో చెప్పలేదు.

అక్క నడుస్తున్నది. ఎడమ పాదం నేలను గీరుకుంటూ వస్తుంది. చెప్పు జారిపోతుందని వెనక పట్టీ ఉన్నది కుట్టించుకుంది. సంత రోజు ఖేడ్‌కు ఆటోలో వచ్చినప్పుడు దిగడానికి డ్రైవరు చెయ్యి అందించాలి. మునుపు ఆమె ఆటో ఆగకముందే దూకేది.

మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ అరుగు మీద కూర్చుని గొట్టం శుభ్రం చేస్తున్నాడు. ముందు రోజు పందులను బెదరగొట్టడానికి కాల్చాడట. ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. మందు గుడ్డ, పొడి గుడ్డ, నూనె గుడ్డ. గరుకు లేదు కాబట్టి ఎక్కువ శ్రమ కూడా లేదు. అక్క పొయ్యి మీద చాయ్ పెట్టింది. అది మరిగి గ్లాసుల్లోకి వచ్చేలోపే అతని పని అయిపోయింది. బోల్టు తొడిగి, లోపల పెట్టి వచ్చి, చేతులు కడుక్కున్నాడు.

అది చూస్తుంటే నాలో చల్లారిందనుకున్నదంతా మళ్ళీ రాజుకుంది. ఇంతేనా పని? చాయ్ మరిగేటంతసేపు. అన్నేళ్ళు ఆ మాత్రం కూర్చోలేకపోయాడు. చాయ్ సగంలోనే గ్లాసు కింద పెట్టి లేచాను. అక్క నా వెనకే బండి దాకా వచ్చింది, పాదం గీరుకుంటూ.

"ఇంక గంత కోపమెందుకు తమ్మీ?" అంది. "మంచిగ జేస్తుండు గద ఇప్పుడు."

"అందుకే వస్తుంది" అన్నాను.

ఆమె నా బండి అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"నాకు గూడ వస్తది. పొద్దున లేసి కాలు కింద పెట్టంగనే వస్తది. ఇగ ఆ తర్వాత చేన్ల పనుంటది."

నేను బండి స్టార్ట్ చేశాను. బావ అరుగు మీంచి "పోయిరా" అన్నట్టు చెయ్యెత్తాడు. చూసి, చూడనట్టు ఖేడ్ తొవ్వ పట్టాను.